పనిలో దెబ్బ తగిలితే ఏది వాడాలి: ఈఎస్‌ఐ, కంపెనీ నష్టపరిహారమా, సొంత హెల్త్ ఇన్సూరెన్సా?

ప్రెస్ మిషన్‌లో వేలు నలిగింది, లేదా సైట్‌లో సెంట్రింగ్ మీంచి జారి కాలు విరిగింది, లేదా గోడౌన్‌లో బస్తా మీద పడి నడుం పట్టేసింది. ఆటోలో ఎక్కించి ఆస్పత్రికి తెచ్చారు. కౌంటర్‌లో మొదట అడిగేది "ఇన్సూరెన్స్ ఉందా?" అనే. జేబులో సొంతంగా ప్రీమియం కట్టుకుంటున్న హెల్త్ కార్డు ఉంది, పే స్లిప్‌లో నెల నెలా ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కటింగ్ ఉంది, పక్కన నిలబడ్డ సూపర్‌వైజరేమో "ముందు నీ కార్డు మీద అడ్మిట్ అయిపో, మిగతాది కంపెనీ చూసుకుంటుందిలే" అంటున్నాడు. ఆ నొప్పిలో, ఆ కంగారులో ఏది వాడాలో తోచదు. అందుకే ఇది ముందే చదివి ఇంట్లోవాళ్లకి కూడా చెప్పి ఉంచండి, ఎందుకంటే ఆ టైమ్‌కి మీరు మాట్లాడే స్థితిలో ఉండకపోవచ్చు.

అన్నిటికన్నా ముందు అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. హెల్త్ ఇన్సూరెన్స్ ఆస్పత్రి బిల్లు మాత్రమే కడుతుంది. పనికి వెళ్లలేని రోజుల జీతం ఇవ్వదు, పోయిన వేలికి పైసా ఇవ్వదు, ఏడాది తర్వాత కూడా భుజం సగానికి మించి లేవకపోతే అది దాని లెక్కలోకే రాదు. ఇవన్నీ ఇవ్వాల్సింది ఈఎస్‌ఐ, అది లేనిచోట యజమాని. కాబట్టి "ఇదా, అదా" అన్న ప్రశ్న బిల్లు వరకే. నష్టపరిహారం హక్కు మాత్రం మీరు ఏ కార్డు చూపించినా మీదే, దాన్ని కార్డుకి బదులుగా వదులుకోవాల్సిన పని లేదు.

మొదట: క్యాజువాల్టీలో రాసే ఆ ఒక్క లైను

డ్యూటీ డాక్టర్ "ఎలా తగిలింది?" అని అడుగుతారు. చాలా సార్లు దీనికి జవాబు పేషెంట్ నోట్లోంచి రాదు, వెంట వచ్చిన కంపెనీ మనిషి నోట్లోంచి వస్తుంది: "ఇంట్లో బాత్రూంలో జారిపడ్డాడండీ." డాక్టర్ అదే కేస్ షీట్‌లో రాసేస్తారు, అదే రేపు డిశ్చార్జ్ సమ్మరీలోకి వస్తుంది, ఆరు నెలల తర్వాత లేబర్ ఆఫీస్‌లో అవతలి లాయర్ తీసి చూపించే మొదటి కాగితం కూడా అదే. కంపెనీ అలా ఎందుకు చెప్పిస్తుందంటే, పనిలో జరిగిందని రాస్తే యాక్సిడెంట్ రిపోర్ట్ పంపాలి, ఫ్యాక్టరీ అయితే, మనిషి 48 గంటలకు మించి పనికి రాలేకపోతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కి తెలియజేయాలి, మిషన్‌కి ఉండాల్సిన రక్షణ కవచం (గార్డు) ఏమైందని వాళ్లు వచ్చి అడుగుతారు.

స్పృహ ఉంటే జవాబు మీరే చెప్పండి, లేకపోతే ఇంటి మనిషి చెప్పాలి: ఏ కంపెనీ, ఏ మిషన్ లేదా ఏ పని, ఎన్నింటికి. మెడికో లీగల్ కేసుగా రాయమని కూడా అడగండి, ఆస్పత్రుల్లో ఎమ్మెల్సీ అంటారు, అది రాస్తే ఆస్పత్రి పోలీసులకి సమాచారం పంపుతుంది. పోలీసుల మాట వినగానే భయపడొద్దు, ఎమ్మెల్సీ రాయించినంత మాత్రాన మీరు ఎవరి మీదా కేసు పెట్టినట్టు కాదు, గాయం ఎలా అయిందో ఆ రోజే అధికారికంగా నమోదైందని మాత్రమే.

సొంత హెల్త్ కార్డు వాడినా సరే, కారణం మాత్రం నిజమే రాయించాలి. క్యాష్‌లెస్ ఫారంలో యాక్సిడెంట్ ఎలా జరిగింది, పోలీసులకి తెలియజేశారా అన్న గడులు ఉంటాయి. ఇంట్లో పడ్డానని రాసి, గాయం చూస్తే మిషన్ గాయంలా ఉంటే, తప్పుడు సమాచారం ఇచ్చారని ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ ఆపేయొచ్చు. అప్పుడు ఇటు బిల్లూ రాదు, అటు పరిహారమూ రాదు, కంపెనీ పరువు కాపాడినందుకు మీరు రెండు వైపులా నష్టపోతారు.

అదే రోజు సూపర్‌వైజర్‌కో హెచ్‌ఆర్‌కో ఒక మెసేజ్ పెట్టండి. ఫోన్‌లో చెప్పడం వేరు, రాతలో ఉండటం వేరు. ఇలా ఉంటే చాలు: "సార్, ఈ రోజు ఉదయం 11.20కి 2వ నంబర్ ప్రెస్ మీద పనిచేస్తుండగా నా కుడి చేతి చూపుడు వేలు నలిగింది. పక్కనే పనిచేస్తున్న ఇద్దరు చూశారు. ఫలానా ఆస్పత్రిలో ఉన్నాను. యాక్సిడెంట్ రిజిస్టర్‌లో రాయించి రిపోర్ట్ పంపించగలరు." చూసినవాళ్ల పేర్లు కూడా అందులోనే రాయండి. మిషన్‌కి గార్డు లేకపోతే ఎవరైనా ఒక ఫొటో తీసి ఉంచితే మంచిది, మర్నాటికల్లా గార్డు బిగించేస్తారు.

తర్వాత: మీరు ఏ గూటి కిందికి వస్తారో చూసుకోండి

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట ఉంటే మామూలుగా మీరు ఈఎస్‌ఐ కిందికి వస్తారు. పే స్లిప్‌లో మీ వాటా 0.75 శాతం కోత కనిపిస్తుంది, యజమాని వాటా 3.25 శాతం. మధ్యలో జీతం పెరిగి 21,000 దాటినా, ఆ చందా కాలం అయ్యేదాకా, అంటే సెప్టెంబర్ చివరికో మార్చి చివరికో దాకా, కవరేజీ ఉంటుంది. ఇది తెలియక హెచ్‌ఆర్ "నీకు ఈఎస్‌ఐ పోయింది" అంటే నమ్మేసేవాళ్లు ఉన్నారు.

ఈఎస్‌ఐ కింద ఉంటే గాయానికి పరిహారం అక్కడే తీసుకోవాలి, మళ్లీ యజమాని మీద విడిగా నష్టపరిహారం కేసు వేయడానికి వీల్లేదు. ఈఎస్‌ఐ లేకపోతే, జీతం ఎక్కువ కావడం వల్లో, పనిచేసే చోట పది మంది లేకపోవడం వల్లో, అప్పుడు 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం వర్తిస్తుంది. 2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చాక ఆ చట్టమూ, 1948 ఈఎస్‌ఐ చట్టమూ రెండూ అందులో కలిశాయి, ఆఫీసుల్లో, జనం నోట్లో మాత్రం పాత పేర్లే నడుస్తున్నాయి. నేనూ వాటినే వాడతాను.

మరి యజమాని ఈఎస్‌ఐ కట్టాల్సి ఉండి కట్టకపోతే? మీ హక్కు పోదు. ఈఎస్‌ఐ కార్పొరేషన్ మీకు రావాల్సింది ఇచ్చి యజమాని దగ్గర వసూలు చేసుకునే ఏర్పాటు చట్టంలోనే ఉంది. మీరు అక్కడ పనిచేస్తున్నట్టు రుజువు కావాలి: గేట్ పాస్, అటెండెన్స్ ఫొటో, బ్యాంకులో పడ్డ జీతం, డ్యూటీ వేసిన వాట్సాప్ గ్రూప్ మెసేజ్‌లు, ఏదైనా సరే.

"నువ్వు కాంట్రాక్టర్ మనిషివి, మాకు సంబంధం లేదు" అన్న మాట కూడా వింటారు. కంపెనీ చేసుకునే పనిలో భాగంగా, కంపెనీ ఆవరణలో కాంట్రాక్టర్ కింద పనిచేస్తుంటే పరిహారం అసలు కంపెనీ దగ్గరే అడగొచ్చు, వాళ్లు తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకుంటారు. అది వాళ్లూ వాళ్లూ తేల్చుకునే విషయం.

ఈఎస్‌ఐ ఉంటే

పనిలో గాయమైతే ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా వర్తిస్తుంది. జబ్బు చేస్తే వచ్చే సిక్‌నెస్ బెనిఫిట్‌కీ దీనికీ ఇదే పెద్ద తేడా, ఇంకో తేడా డబ్బు: సిక్‌నెస్‌కి 70 శాతం వస్తే, పని గాయానికి సగటు రోజు జీతంలో 90 శాతం వస్తుంది, డాక్టర్ పనికి తగడని రాసినన్నాళ్లూ వస్తుంది. యాక్సిడెంట్ రిపోర్ట్ కంపెనీ పంపకపోతే మీ గాయం మామూలు జబ్బు కింద జమైపోయి ఆ తక్కువ రేటే పడుతుంది. అందుకే రిపోర్ట్ వెళ్లిందా లేదా అని బ్రాంచ్ ఆఫీసుకి వెళ్లి అడగండి, లేదా 1800-11-2526కి ఫోన్ చేయండి.

నలిగిన చెయ్యి పట్టుకుని హైదరాబాద్‌లో సనత్‌నగర్, నాచారం ఈఎస్‌ఐ ఆస్పత్రుల దాకా వెళ్లాలా అని అడుగుతారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, రక్తం ఆగనప్పుడు దగ్గర్లో ఏ ఆస్పత్రి ఉంటే దానికే వెళ్లండి. ఎమర్జెన్సీలో ప్రైవేట్‌లో అయిన ఖర్చు ఈఎస్‌ఐ రేట్ల మేరకు తిరిగి ఇస్తుంది, బిల్లు ఎంతైతే అంత రాకపోవచ్చు. కుదుటపడ్డాక ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో చూపించుకుని ఈఎస్‌ఐ ఆస్పత్రికో, వాళ్లతో టైఅప్ ఉన్న కార్పొరేట్ ఆస్పత్రికో రెఫరల్ రాయించుకోండి. రెఫరల్ లేకుండా నేరుగా టైఅప్ ఆస్పత్రికి పోయి కూర్చుంటే డబ్బు కట్టమంటారు. లీవ్ సర్టిఫికెట్లు ఒక్కటీ మిస్ కాకుండా ఈఎస్‌ఐ డాక్టర్ దగ్గరే రాయించుకోవాలి, ఆ రోజుల్లో వేరే ఎక్కడా పని చేయకూడదు. అలా గాయం సెలవులో ఉండగా యజమాని ఉద్యోగంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు.

గాయం మానాక శాశ్వతంగా లోపం మిగిలితే మెడికల్ బోర్డు ముందుకి వెళ్లాలి. వాళ్లు సంపాదన శక్తి ఎంత శాతం పోయిందో తేలుస్తారు, దాని ప్రకారం జీవితాంతం నెల నెలా డబ్బు వస్తుంది. చూపుడు వేలు మొత్తం పోతే చట్టంలోని పట్టిక ప్రకారం 14 శాతం. నెలకు 15,000 జీతగాడైతే రోజుకు సుమారు 500, అందులో 90 శాతం 450, దానిలో 14 శాతం 63 రూపాయలు, అంటే నెలకు 1,900 దగ్గర. చూడటానికి చిన్న మొత్తమే, కానీ ముప్పై ఏళ్ల మనిషికి అది బతికున్నంత కాలం వస్తుంది, ఏ హెల్త్ పాలసీ కూడా ఇది ఇవ్వదు. చాలామంది కుట్లు విప్పించుకుని పనికి పోతారు, బోర్డుకి దరఖాస్తే పెట్టరు. దయచేసి పెట్టండి.

ఈఎస్‌ఐ లేకపోతే

అప్పుడు యజమాని సొంతంగా కట్టాలి. చాలా కంపెనీలు, కాంట్రాక్టర్లు దీనికోసమే ఒక ఇన్సూరెన్స్ తీసుకుంటారు, డబ్ల్యూసీ (వర్క్‌మెన్ కాంపెన్సేషన్) పాలసీ అంటారు. ఉందా లేదా, ఉంటే ఏ ఇన్సూరెన్స్ కంపెనీదో రాతలో అడగండి. పాలసీ లేకపోయినా బాధ్యత యజమానిదే.

ఈ చట్టంలో తప్పు ఎవరిది అన్న పంచాయితీ ఉండదు. మీ ఏమరుపాటు వల్ల జరిగినా పరిహారం రావాలి. మద్యం మత్తులో ఉండటం, కావాలనే సేఫ్టీ గార్డు తీసేయడం, కావాలనే సేఫ్టీ నిబంధన మీరడం, ఇవి యజమాని ఎత్తగలిగిన అభ్యంతరాలు, అవి కూడా మరణం గానీ పూర్తి శాశ్వత వైకల్యం గానీ జరిగితే చెల్లవు.

ఏమేం వస్తాయంటే: వైద్యానికి నిజంగా అయిన ఖర్చు, 2009 సవరణతో ఇది చట్టంలోకి వచ్చింది, చాలా మంది యజమానులకే తెలియదు. పని చేయలేని కాలానికి దాదాపు సగం జీతం, పదిహేను రోజులకోసారి. ఇక శాశ్వత లోపానికి ఏకమొత్తం. దాని లెక్క ఇలా ఉంటుంది: నెల జీతంలో 60 శాతం తీసి వయసుని బట్టి ఉండే గుణకంతో గుణిస్తారు. లెక్కకు తీసుకునే జీతానికి 2020 జనవరిలో కేంద్రం పెట్టిన పరిమితి 15,000, మీ జీతం 40,000 అయినా 15,000గానే చూస్తారు. ముప్పై ఏళ్ల మనిషికి గుణకం 207.98. అంటే 9,000ని 207.98తో గుణిస్తే 18,71,820. చూపుడు వేలు పోతే అందులో 14 శాతం, 2,62,055 రూపాయలు. బొటనవేలు అయితే 30 శాతం, 5,61,546. ప్రమాదం జరిగిన రోజు నుంచి నెలలోగా కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆపితే సగం దాకా పెనాల్టీ కూడా పడొచ్చు.

ఇప్పుడు సూపర్‌వైజర్ మాట ఒకసారి మళ్లీ ఆలోచించండి. ఆయన చెప్పినట్టు మీ కార్డు మీద 60,000 బిల్లు అయిపోయింది, "ఇంట్లో పడ్డాడు" అని రాశారు, కంపెనీ వాళ్లు చేతిలో 20,000 పెట్టారు. ఆ ఒక్క లైనుతో మీరు వదులుకున్నది రెండున్నర లక్షల పైమాటే.

అయితే సొంత హెల్త్ కార్డు ఎప్పుడు వాడాలి?

వాడకూడదని నేను అనను. మన దేశంలో చాలా హెల్త్ పాలసీలు పనిలో జరిగిన యాక్సిడెంట్‌కి కూడా బిల్లు కడతాయి, కొత్త పాలసీకి ఉండే 30 రోజుల వెయిటింగ్ కూడా యాక్సిడెంట్‌కి వర్తించదు. కాబట్టి కంపెనీ అడ్వాన్స్ కట్టడానికి నాన్చుతోంది, ఆపరేషన్ ఆలస్యమైతే వేలు దక్కదు, ఈఎస్‌ఐ రెఫరల్ రావడానికి టైమ్ పడుతుంది అంటే ఒక్క నిమిషం ఆగకుండా మీ కార్డు ఇచ్చేయండి. క్యాష్‌లెస్ అడిగిన గంటలో నిర్ణయం చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో నిబంధన పెట్టింది. ముందు చెయ్యి దక్కాలి.

కానీ కంపెనీ కట్టడానికి సిద్ధంగా ఉంటే, లేదా ఈఎస్‌ఐలో మంచి వైద్యం అందుబాటులో ఉంటే, మీ కార్డు దాచుకోండి. అది మీ డబ్బుతో, మీ కుటుంబం కోసం కట్టుకున్నది. ఇంటిల్లిపాదికీ కలిపి ఉన్న ఐదు లక్షల పాలసీ (ఫ్లోటర్)లో రెండు లక్షలు మీ చేతికే పోతే, అదే ఏడాది ఇంట్లో అమ్మకి ఆపరేషన్ వస్తే మూడే మిగులుతాయి. నో క్లెయిమ్ బోనస్ కూడా తగ్గుతుంది. గ్లవ్స్, కిట్‌ల లాంటి వాటికి ఇన్సూరెన్స్ కట్టని మొత్తం ఎలాగూ మీ జేబులోంచే.

ఒకే బిల్లుని రెండు చోట్ల వసూలు చేసుకోవడం కుదరదు. కానీ ఇన్సూరెన్స్ కట్టగా మిగిలింది, మందులు, ఫిజియోథెరపీ, యజమాని దగ్గర అడగొచ్చు. ఒరిజినల్ బిల్లులు ఒక చోట ఇచ్చేస్తే రెండో చోట చూపించడానికి ఏమీ ఉండదు గనక, ఇచ్చే ముందే ఆస్పత్రి స్టాంప్ వేయించిన కాపీలు ఒక సెట్ తీసుకోండి, ఇన్సూరెన్స్ కంపెనీ ఎంత కట్టిందో తెలిపే సెటిల్‌మెంట్ లెటర్ కూడా భద్రపరచండి.

ఆఫీస్ ఇచ్చే గ్రూప్ మెడిక్లెయిమ్ గురించీ ఇదే మాట. "మీకు ఐదు లక్షల కవర్ ఇచ్చాం కదా" అంటారు. అది బిల్లుకి, వైకల్యానికి కాదు. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ మాత్రం వేరు, అది ఇంత లోపానికి ఇంత అని నేరుగా మీకే ఇస్తుంది, నష్టపరిహారంతో పాటు తీసుకోవచ్చు. బ్యాంకులో ఏటా 20 రూపాయలు కోసే ప్రధానమంత్రి సురక్షా బీమా ఆ రకమే, మరణానికి 2 లక్షలు, ఒక కన్ను లేదా ఒక చెయ్యి పూర్తిగా పోతే లక్ష. వేలికి రాదు.

డ్యూటీకి వెళ్లే దారిలో, డ్యూటీలో బండి మీద

ఇంటి నుంచి పనికి వెళ్తూ వస్తూ జరిగిన ప్రమాదం, ఆ ప్రయాణానికీ ఉద్యోగానికీ సంబంధం ఉంటే, ఈఎస్‌ఐలో 2010 నుంచీ పని గాయం కిందే లెక్క. 2025 జులైలో సుప్రీంకోర్టు 1923 చట్టానికి కూడా ఇదే వర్తిస్తుందని చెప్పింది. మహారాష్ట్రలో చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ ఒకరు 2003లో తెల్లవారుజాము 3 గంటల షిఫ్ట్‌కి వెళ్తూ దారిలో చనిపోయిన కేసు అది.

లారీ డ్రైవర్, క్లీనర్ లాంటివాళ్లకి ఇంకో దారి ఉంది, మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్. రెండింట్లో ఒక్కదాన్నే ఎంచుకోవాలి. అవతలి బండిదే తప్పని గట్టిగా రుజువైతే ట్రైబ్యునల్‌లో జీతానికి పరిమితి లేకుండా ఎక్కువ రావొచ్చు. మీరే నడుపుతూ డివైడర్‌కి గుద్దితే లేబర్ ఆఫీస్ మేలు, అక్కడ తప్పు అడగరు. దీనికి మాత్రం దరఖాస్తు వేసేముందే లాయర్‌ని కలవండి.

సంతకాల దగ్గర జాగ్రత్త

"ఇక ఏ క్లెయిమూ లేదు" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకుని కొంత డబ్బు చేతిలో పెడతారు. శాశ్వత వైకల్యానికి ఏకమొత్తం ఒప్పందం చేసుకుంటే దాన్ని లేబర్ ఆఫీస్‌లో కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాలి, మరణమైతే డబ్బు కమిషనర్ దగ్గరే డిపాజిట్ చేయాలి. హక్కు వదులుకుంటున్నానని ఊరికే రాయించుకున్న కాగితం చెల్లదు. ఇప్పటికే పెట్టేసి ఉంటే అయిపోయిందనుకుని ఊరుకోకండి. తెల్ల కాగితం మీద మాత్రం ఎవరు అడిగినా, ఎంత తెలిసినవాళ్లు అడిగినా సంతకం పెట్టొద్దు.

లేబర్ ఆఫీస్‌లో నష్టపరిహారం దరఖాస్తుకి గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు. దరఖాస్తు ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, మీరు ఉండే జిల్లాలో కూడా వేయొచ్చు. పాలమూరు నుంచి ముంబై సైట్‌కి వెళ్లినవాళ్లు, శ్రీకాకుళం నుంచి చెన్నైకి వెళ్లినవాళ్లు సొంత జిల్లాలో వేసుకోవచ్చు, వాయిదాకోసారి అంత దూరం పోనక్కర్లేదు.

ఇప్పటికే కేస్ షీట్‌లో "ఇంట్లో పడ్డాడు" అని ఉంటే ఇలా చేయండి. డిశ్చార్జ్ కాకముందైతే డాక్టర్‌కి అసలు సంగతి చెప్పి సరిదిద్దమని రాతపూర్వకంగా అడగండి, దాని కాపీ మీద ఆస్పత్రి స్టాంప్ తీసుకోండి. అయిపోయాకైతే యజమానికి జరిగింది జరిగినట్టు తేదీ, సమయంతో లెటర్ రాసి స్పీడ్ పోస్ట్‌లో పంపండి, రసీదు, డెలివరీ అయినట్టు రుజువు దాచండి. ఆ రోజు మీరు డ్యూటీలో ఉన్నట్టు అటెండెన్స్, ఆస్పత్రికి తెచ్చినవాళ్ల ఫోన్ కాల్ లిస్ట్, తోటి పనివాళ్ల మాట, అడ్మిషన్ టైమ్, ఇవన్నీ కలిపి తీసుకుని లేబర్ ఆఫీస్‌కి వెళ్లండి. షిఫ్ట్ మధ్యలో, యూనిఫాంలో, కంపెనీ వ్యాన్‌లో వచ్చిన మనిషి ఇంట్లో ఎలా పడ్డాడో అప్పుడు వాళ్లు చెప్పాలి.